దయ్యం భయానికి ఏ చదువు విరుగుడు?

మిత్రులారా,

చదువుకుంటే దయ్యాల నమ్మకం దానంతట అదే పోతుందనుకుంటాం. పోదు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇంట్లో ఒకరు వింతగా ప్రవర్తిస్తే భూతవైద్యుడి కోసం వెతుకుతారు. ఆ వింతకు జవాబు వాళ్లు చదివిన పుస్తకాల్లో దొరకలేదు మరి. "దయ్యాల్లేవు" అని కొట్టిపారేస్తే సరిపోదు. రాత్రి గుండెల మీద ఎవరో కూర్చున్నారని వణికిపోయిన పిల్లకు, అది మరేమిటో చెప్పాలి.

కలలు బాగా వచ్చే నిద్రదశలో మెదడు ఒంటి కండరాలను కదలకుండా ఆపి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందే వచ్చేస్తుంది, ఆ పట్టు మాత్రం కొన్ని క్షణాల నుంచి రెండు మూడు నిమిషాల దాకా వదలదు. కళ్లు తెరిచే ఉంటాయి, కాళ్లూ చేతులూ కదలవు, నోరు పెగలదు. ఛాతీ కండరాలు సడలి ఉండటంతో గట్టిగా ఊపిరి పీల్చబోతే అందదు, మీద బరువు పడ్డట్టుంటుంది. ఇంకా తెగని కల గదిలో ఎవరో ఉన్నట్టు చూపిస్తుంది. ఇదే నిద్ర పక్షవాతం. నూటికి సుమారు 8 మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. హైస్కూలు పిల్లలకు ఇంతమాత్రం చెప్పినా చాలా భయం తీరుతుంది.

మూర్ఛ సంగతి ఇంకా ముఖ్యం. అది మెదడులో పుట్టే జబ్బని గ్రీకు వైద్యులు సుమారు 2,400 ఏళ్ల కిందటే రాశారు. ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆ సమయంలో ఎవరు ఏం చేస్తే వాళ్లకే పేరు వస్తుంది. మంత్రానికి మహిమ అంటగట్టేది ఈ పొరపాటే. చేయాల్సింది: చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు, అదిమి పట్టుకోకూడదు. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.

ఇక పూనకం వచ్చినవాళ్లు చెప్పే "నేను చేయకుండా నా ఒళ్లే కదిలింది" అనే మాట. దీనికి తరగతిలోనే ఒక ప్రయోగం ఉంది. 30 సెంటీమీటర్ల దారానికి ఉంగరం కట్టి, కాగితం మీద గీసిన గీతకు పైన పట్టుకోమనండి. చేయి కదపకుండా, ఉంగరం గీత వెంట ఊగుతున్నట్టు ఊహించుకోవాలి. కాసేపటికి చాలామంది చేతుల్లో ఊగుతుంది. కళ్లకు గంతలు కడితే ఊపు తగ్గిపోతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1833లో వివరించిన విషయమిది. ఫ్యాన్ తప్పకుండా ఆపండి. గాలికి ఊగిందన్న అనుమానం మిగిలితే అంతా వృథా. ఫలితం ముందే చెప్పేయకండి.

తనకు తెలియకుండానే తన చేయి కదులుతుందని చూసిన విద్యార్థి, పూనకం వచ్చిన మనిషిని "నటిస్తోంది" అనడు. నటన కాదు. మోయలేని ఒత్తిడిలో స్పృహ, జ్ఞాపకం, గొంతు ఒకదానికొకటి విడిపోవచ్చు, తర్వాత గుర్తుండకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో దీనికి చోటుంది. అయితే ఆచారంగా, ఇష్టపూర్వకంగా వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కించరు. మనిషి అదుపు తప్పి, బాధపడుతూ, బతుకు దెబ్బతింటేనే వైద్యం. ఎగతాళి చేసే హేతువాదం ఆ మనిషిని తిరిగి మంత్రగాడి చేతికే అప్పగిస్తుంది. నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది.

ఒక హెచ్చరిక. జ్వరం, తలనొప్పి తర్వాత కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోయి, సంబంధం లేని మాటలు, ఫిట్స్, నోరూ చేతులూ వింతగా తిప్పడం కనిపిస్తే మెదడు వాపు అయ్యుండవచ్చు. శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడిచేసే ఇలాంటి జబ్బు ఒకదాన్ని 2007లో స్పష్టంగా గుర్తించారు. త్వరగా మందులు పడితే చాలామంది కోలుకుంటారు. పొగ వేస్తూ, కొడుతూ పోగొట్టుకునే రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.