గంటకి 22 నాణేలు

అందరికీ నమస్కారం. ముందు వరసలో వాళ్ళు ఈ నాణెం చూసి వెనక్కి పంపండి, తొందరేం లేదు. 1562 నాటి ఇంగ్లాండు సిక్స్‌పెన్స్ ఇది, వెండిది, 3 గ్రాముల బరువు, అటూఇటూగా మన పాత రెండు రూపాయల బిళ్ళంత. ఒక పక్క మొదటి ఎలిజబెత్ రాణి, తల వెనకాల చిన్న గులాబీ, రెండో పక్క డాలు, దాని మీద సంవత్సరం. ఎంత గుండ్రంగా ఉందో గమనించారా? అదే సంగతి.

అప్పట్లో లండన్ టవర్ టంకశాలలో నాణేలన్నీ చేత్తోనే కొట్టేవాళ్ళు, కింది అచ్చు చెక్క దిమ్మలో దిగ్గొట్టి ఉంటుంది, దానిమీద వెండి బిళ్ళ, పైన ఇంకో అచ్చు పట్టుకుని సుత్తితో ఒక్కటేయడమే. దాంతో బొమ్మ పక్కకి జరిగేది, అంచు వంకరటింకరగా వచ్చేది. అంచు సరిగ్గా లేని నాణెం అంటే దొంగకి పండగే కదా, కత్తెరతో కాస్త వెండి తీసేసుకుని మళ్ళీ చలామణిలో పెట్టేసేవాళ్ళు, దొరికితే మరణశిక్ష అయినా సరే ఆగలేదు.

ఎలోయ్ మెస్ట్రెల్ అని పారిస్ నుంచి వచ్చిన ఒకాయన 1561లో అక్కడే మర పెట్టాడు. గుర్రాలు తిప్పే మరలో వెండి రేకు ఒకే మందంలో సాగుతుంది, బిళ్ళలు సమంగా కోస్తారు, స్క్రూ ప్రెస్ బిగించి అచ్చు దింపుతారు. పని అద్భుతం, మీ చేతుల్లో ఉన్నది అదే. కానీ 1572లో పరీక్ష పెడితే మర మీద గంటకి 22 వచ్చాయట, సుత్తితో 280! ఆయన్ని పంపించేశారు. తర్వాత దొంగ నాణేల కేసులో 1578లో ఉరి తీశారు. నాకు ఇది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే లెక్క చూశారు గానీ అంచు చూడలేదు వాళ్ళు.

మర శాశ్వతంగా నిలబడింది 1662లో, పీటర్ బ్లోండో అనే ఇంకో ఫ్రెంచాయన చేతుల మీదుగా. ఆయన క్రౌన్ నాణేల అంచు మీదే లాటిన్‌లో అక్షరాలు వేశాడు, అలంకారమూ రక్షణా అని వాటి అర్థం, కత్తిరిస్తే అక్షరం పోయి ఇట్టే పట్టుబడిపోతుంది.

నాణెం ఎక్కడిదాకా వచ్చింది? మీ దగ్గరా అమ్మా, ఒకసారి అంచు చుట్టూ వేలు పోనివ్వండి. ఎక్కడైనా కత్తెర పడ్డట్టు తగిలిందా?