గోడమీద గెంతే సాలీడు ఏ జాతి? 10ఎక్స్ క్లిప్ లెన్స్ రివ్యూ, తిరుపతి నుంచి

అందరికీ నమస్కారం. ఈ రోజు ఫోన్‌కి తగిలించుకునే 10ఎక్స్ మాక్రో క్లిప్ లెన్స్, అంటే చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్స్ చూద్దాం. పూల రేకులు, నీటి చుక్కలు ఏ లెన్స్‌తో తీసినా అందంగానే వస్తాయి, వాటిని చూపించి బాగుంది అంటే మీకు ఒరిగేదేమీ లేదు. అందుకే నేను దీనికి ఒకే పరీక్ష పెట్టాను. మన తిరుపతి ఇళ్ల గోడలమీద, చుట్టుపక్కల మామిడి తోటల్లో తిరిగే గెంతే సాలీళ్లు, అదే జంపింగ్ స్పైడర్లు ఉన్నాయి కదా, దీంతో తీసిన ఫొటో చూసి అది ఫలానా జాతి అని చెప్పగలమా?

ముందు కళ్లు చూడండి. ముఖం మీద ఒకే వరసలో నాలుగు కళ్లు, మధ్యలో రెండు బాగా పెద్దవి, మిగతా నాలుగూ తల పైన వెనక్కి ఉంటాయి. ఇలా ఉంటే అది జంపింగ్ స్పైడర్ కుటుంబమే, సాల్టిసిడే అంటారు. ఫోన్ మామూలు కెమెరాలో ఆ ముఖం నల్లటి చుక్కలా వస్తుంది, ఈ లెన్స్‌లో కళ్లు విడివిడిగా తెలుస్తున్నాయి. కాస్త ఓపికగా చూస్తే పెద్ద కళ్ల రంగు ఒకసారి ముదురుగా, ఒకసారి లేతగా మారుతుంది. లోపల రెటీనా, అంటే వెలుగును పట్టుకునే కంటి పొర, కదులుతూ ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. ఇంత చవక లెన్స్‌లో అది కనబడినందుకు నాకు నిజంగా సంతోషమేసింది.

కుటుంబం తెలిస్తే జాతి తెలిసినట్టు కాదు. ఈ ఒక్క కుటుంబంలోనే 6,000కు పైగా జాతులున్నాయి, సాలీళ్లలో ఇదే అన్నిటికన్నా పెద్ద కుటుంబం. పైగా మగదీ ఆడదీ వేరే వేరే జాతులేమో అన్నంత తేడాగా ఉంటాయి. ఇదిగో, ట్యూబ్‌లైట్ దగ్గర పురుగుల కోసం కాచుకున్న ఈ సాలీడు మగ ప్లెక్సిప్పస్ పేకులీలా ఉంది. నల్లటి ఒంటిమీద తెల్లటి పట్టీలు, పొట్ట చివర రెండు తెల్ల మచ్చలు. దీని ఆడది బూడిద, గోధుమ రంగులు కలిసినట్టుంటుంది, వీపు మధ్యలో లేత పట్టీ ఉంటుంది, ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. రంగు ఒక్కటే నమ్ముకుంటే ఈ రెండింటికీ రెండు పేర్లు పెట్టేస్తాం.

అందుకే ఒంటి ఆకారం తెలిసేలా పక్కనుంచి కూడా తీయండి. బయట ప్రహరీ గోడమీద బూడిద రంగులో గోడకి అతుక్కున్నట్టు పల్చగా ఉన్నది కనిపిస్తే మెనెమెరస్ బైవిట్టేటస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ చదునైన ఒళ్లు పైనుంచి తీసిన ఫొటోలో తెలియదు. పూలకుండీల దగ్గర నల్లగా చిన్నగా, పొట్ట ముందు భాగాన తెల్లటి నెలవంక, ముఖం దగ్గర ఎరుపు, నోటి ముందు తెల్లటి పొట్టి కాళ్లలాంటివి కనబడితే మగ హసారియస్ అడాన్సోనీ. ఇది తేలికే.

నాకు అన్నిటికన్నా నచ్చింది మామిడి చెట్టు మీద దొరికింది. ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమల మధ్యే తిరుగుతుంది, చూస్తే అదీ చీమే అనిపిస్తుంది. మిర్మాప్లాటా ప్లాటలియోయిడిస్, 2016కి ముందు మిర్మారక్నే అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో ఉండేది. ముందు కాళ్లు రెండూ పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది, మీరు కాళ్లు లెక్కపెట్టండి, మొత్తం ఎనిమిదుంటాయి. మగదానికి దవడలు ముందుకు బాగా సాగి ఉంటాయి, దాంతో చీమ ఏదో మోసుకెళ్తున్నట్టు కనబడుతుంది. ఈ లెన్స్‌లో ఆ దవడలూ, పెద్ద కళ్లూ రెండూ స్పష్టంగా వచ్చాయి, ఇక్కడ దీనికి పూర్తి మార్కులు.

ఇక లెన్స్ ఎక్కడ చేతులెత్తేస్తుందంటే, కచ్చితంగా జాతి తేల్చాల్సిన చోటే. నోటి పక్కన పొట్టి కాళ్లలా ఉండే పెడిపాల్ప్స్ చివర ఉబ్బి ఉంటే మగది, అంతవరకు కనిపిస్తుంది. కానీ ప్లెక్సిప్పస్ పేకులీకి ప్లెక్సిప్పస్ పీటర్సీ లాంటి దగ్గరి చుట్టాలున్నాయి, వాటిని నిక్కచ్చిగా విడదీయాలంటే ఆ ఉబ్బు లోపలి నిర్మాణం, ఆడదైతే పొట్ట అడుగున ఉండే ఎపిజైన్ అనే జననాంగ భాగం చూడాలి, దానికి మైక్రోస్కోపు కావాలి. పిల్ల సాలీళ్లలో అవి ఇంకా తయారై ఉండవు కూడా. కాబట్టి ఫొటో పెడితే జీవి పేరు గుర్తించడానికి సాయపడే ఐనాచురలిస్ట్‌లో ఫొటో పెట్టగానే యాప్ మొదట చూపించే జాతి పేరు నొక్కేయకండి. ప్రజాతి వరకే నమ్మకం ఉంటే అంతవరకే పెట్టండి, అది తక్కువ పనేం కాదు.

వాడకం విషయానికొస్తే, సాలీడుకి రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తేనే ఫోకస్ పడుతుంది, అంత దగ్గరికెళ్తే ఫోన్ నీడ పడుతుంది, సాలీడు గెంతేస్తుంది. టార్చి మీద తెల్ల టిష్యూ పేపరు కప్పి పక్కనుంచి వెలుగు పెట్టండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అవి కాస్త నెమ్మదిగా ఉంటాయి. ఇంట్లో దొరికినదాన్ని పారదర్శకమైన చిన్న డబ్బాలో పెట్టి కిందనుంచి ఒక ఫొటో తీసి, దొరికిన చోటే వదిలేయండి. అలిపిరి మెట్ల దారిలో, తలకోనలో అయితే డబ్బా బయటికి తీయొద్దు, అది అడవి, అక్కడ ఫొటో చాలు.

మీ ఫోన్‌లో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉంటే దానికన్నా ఇది చాలా మేలు, కొనుక్కోవచ్చు. ఫోన్ కవరు తీసేసి తగిలించండి, అంచులు మసకగా వస్తాయి కాబట్టి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. కామెంట్లలో సాలీడు పేరు అడిగేవాళ్లు వీపు, ముఖం, పక్క భాగం, మూడు ఫొటోలకీ లింక్ ఇవ్వండి, ఏ ఊళ్లో, గోడమీదా చెట్టుమీదా, సుమారు ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాయండి.