జేబు కుడివైపు ఉండాలి

నేను: నమస్కారం. ఈసారి ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో, మా పిన్ని కుట్టు దుకాణంలో కూర్చున్నాం. వెనక వినిపించేది మిషను చప్పుడు, ఆపమని నేను అడగలేదు. వరసకు పిన్ని. ఏడేళ్లుగా ఆమె ఎడమ భుజం కింద పేస్‌మేకర్, అంటే గుండెను లయగా కొట్టించే చిన్న యంత్రం ఉంది. మా నాన్నకు పోయిన నెలలో పెట్టారు. అందుకే ఇవాళ్టి ప్రశ్నల్లో సగం మా ఇంటివే. పిన్నీ, అసలు ఏం జరిగింది?

పిన్ని: చీరకు ఫాల్ కుడుతున్నాను. కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను, సూది వేలికి గుచ్చుకుని ఉంది. అంతకు ముందు రెండు నెలలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసమే. చూపించుకుంటే నీరసమన్నారు, టానిక్ రాశారు. ఒక్కరూ నాడి పట్టుకుని లెక్కపెట్టలేదమ్మా! ఆ రోజు మీ బాబాయి గడియారం చూస్తూ లెక్కపెడితే నిమిషానికి ముప్పై ఆరు. గుణుపూర్ నుంచి వచ్చే రైలెక్కించి విశాఖ తీసుకెళ్లారు.

నేను: ఊళ్లో అందరూ స్టెంట్, అంటే పూడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టం, వేశారనుకున్నారు.

పిన్ని: ఇప్పటికీ అలాగే అనుకుంటారు. డాక్టర్లు బ్లాక్ అన్నారు. ఆ మాట వినగానే రక్తనాళం పూడిందనుకుంటారు. నాది అది కాదు. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్తు కింది గదులకు చేరడం లేదు. పంపు బాగానే ఉంది, తీగ తెగింది. కాలర్ ఎముక కింద చర్మంలో చిన్న సంచిలా చేసి యంత్రం పెట్టారు. దాని తీగలు సిరలోంచి గుండెలోకి వెళ్తాయి. అక్కడికి మాత్రమే మత్తు ఇచ్చారు కాబట్టి డాక్టర్లు మాట్లాడుకోవడం వింటూనే ఉన్నాను.

నేను: నాన్న ఎడమ చేయి కదపడమే లేదు.

పిన్ని: ఎన్ని వారాలయింది?

నేను: నిన్నటికి అయిదు.

పిన్ని: మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు చేయి భుజం కంటే పైకి ఎత్తవద్దంటారు, తీగలు గుండెలో కుదురుకోవాలి గనక. అంతేగాని చేతిని పక్కకు కట్టేసుకోమని కాదు. నేనూ అలాగే భయపడి మూడు నెలలు బిగబట్టుకున్నాను. భుజం పట్టేసింది. జాకెట్టు తొడుక్కోవడానికి కోడలు సాయం చేయాల్సి వచ్చింది. అప్పుడు ఏడ్చాను, ఆపరేషన్‌కు కాదు. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు చేయి ఎంతవరకు లేపవచ్చో డాక్టరును అడిగి, ఆయన ముందే లేపి చూపించమను.

నేను: మరి అయస్కాంతం సంగతి?

పిన్ని: అది చెప్పాలి. కింద పడ్డ సూదులు ఏరడానికి పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని రిబ్బనుకు కట్టి ఉంచేదాన్ని. ఒకరోజు మెడలో వేసుకుని వంగాను. గుండె ఉన్నట్టుండి గబగబా, ఒకే లెక్కన, మిషను పరుగెత్తినట్టు కొట్టుకుంది. రిబ్బను తీయగానే సర్దుకుంది. అయస్కాంతం ఆనితే చాలా పేస్‌మేకర్లు గుండె సొంత లయను పట్టించుకోకుండా తమకు పెట్టిన వేగంతో కొట్టిస్తూ పోతాయట. తీసేస్తే మామూలే. డాక్టర్లు పరీక్షకు వాడే పద్ధతీ అదే. ఆ అయస్కాంతం ఇప్పుడు అదిగో, కర్రకు కట్టాను. నిలబడే ఏరుతాను.

నేను: వినేవాళ్లకు ఇక్కడ ఒక మాట. షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పెట్టించుకున్నవారికి అయస్కాంతం ఇంకా ప్రమాదం. గుండె లయ తప్పినప్పుడు ఇవ్వాల్సిన షాక్‌ను అది ఆపేయగలదు. ఏది పెట్టారో ముందు తెలుసుకోండి.

పిన్ని: నా యంత్రానికి ఏది ఎంత దూరంలో ఉండాలో నేను టేపుతో కొలిచి గుర్తు పెట్టుకున్నాను. ఫోను ఆరంగుళాలు. ఇండక్షన్ పొయ్యి రెండడుగులు. మిషను మోటారు కాలి దగ్గర ఉంటుంది, దానితో పేచీ లేదు. వెల్డింగు చేసే చోట నిలబడను. విమానాశ్రయంలో ద్వారం గుండా ఆగకుండా నడిచిపోతాను. ఎమ్మారై స్కాన్ తీయాలంటే ముందు నా పేస్‌మేకర్ కార్డు చూపిస్తాను. కొన్ని పేస్‌మేకర్లు దానికి పనికిరావు.

నేను: కరెంటు పోతే ఆగిపోతుందా అని మా పక్కింటావిడ అడిగింది.

పిన్ని: అడగనీ, తప్పు లేదు. లోపల బ్యాటరీ ఉంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. ఆరు నెలలకోసారి పరీక్షలో ఎంత మిగిలిందో చెబుతారు. అయిపోవస్తే పెట్టె మారుస్తారు, తీగలు బాగుంటే అవే ఉంచుతారు.

నేను: 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకు మొట్టమొదటిసారి పేస్‌మేకర్‌ను పూర్తిగా శరీరం లోపలే అమర్చారు. ఆ యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం మొత్తం ఇరవై ఆరు పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికారు.

పిన్ని: ఇరవై ఆరా! ఈ మాట మా అబ్బాయికి చెప్పాలి. నన్ను గాజుబొమ్మలా చూస్తున్నాడు.

నేను: కార్డు ఎక్కడ ఉంచుతారు?

పిన్ని: ఇదిగో, ఈ గుడ్డ సంచిలో. కార్డంతా ఇంగ్లీషు. అందుకని ఒక చీటీ మీద యంత్రం పేరు, పెట్టిన తేదీ, ఇంటి ఫోను నంబరు ఒకవైపు ఒడియాలో, ఇంకోవైపు తెలుగులో రాయించాను. ఆంధ్రాలో పాతపట్నం వైపు పడిపోతే ఒకరు చదవాలి, ఇటు పడిపోతే ఒకరు చదవాలి. ఇంకొకటి కూడా రాయించాను. వద్దంటావేమో, చెప్పనా?

నేను: చెప్పండి.

పిన్ని: నేను పోయాక చితి మీద పెట్టే ముందు యంత్రం తీయించాలి. మంటకు బ్యాటరీ పేలుతుంది. ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. నిప్పు పెట్టే కొడుక్కి దెబ్బ తగలకూడదు గదా.

నేను: ... మా నాన్నకు ఈ మాట ఎలా చెప్పాలో.

పిన్ని: ఇప్పుడే చెప్పవద్దు. ముందు బావగారి చొక్కాలు పట్టుకురా, అన్నిటికీ జేబు ఎడమవైపే ఉంటుంది. ఆయన ఫోను అందులోనే పెట్టుకుంటారు. జేబులు విప్పి కుడివైపు వేస్తాను.

నేను: ఎన్ని తేవాలి?

పిన్ని: ఉన్నవన్నీ.