గోడను ఊపిరి పీల్చనివ్వండి

వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకే నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బడి భవనాల సంగతి చెప్పమన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలింది. అద్దం పగిలినా ముక్కలు ఎగరకుండా కిటికీలకు కాగితం పట్టీలు అంటించడం, దాక్కోవడానికి ఆటస్థలంలో కందకాలు తవ్వడం అప్పటి జాగ్రత్తలు. కందకం మెలికలు తిరగాలి. తిన్నగా తవ్వితే ఒక కొసన పడ్డ బాంబు ధాటి రెండో కొసదాకా దూసుకొస్తుంది.

కందకంతో చిక్కు పూడ్చాక మొదలవుతుంది. దిమ్మిస కొట్టకుండా పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. దాని మీద గది కడితే పగులు ఇటుక కీళ్ల వెంట మెట్లు మెట్లుగా దిగుతుంది. అప్పుడు చూడాల్సింది పునాదిని. మనవాళ్లేమో సిమెంటు పూసి దాచేస్తారు.

సిమెంటు! నా గొడవంతా దానితోనే. ఆ కాలపు గోడలు డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. నేల చెమ్మ ఇటుకలోకి ఎక్కి, సున్నం పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పెచ్చు ఊడుతుంది. దాని మీద మళ్లీ సిమెంటే, ఈసారి ఇంకాస్త మందంగా!

వెనక బెంచీల పిల్లలూ, రేపు మీ గది గోడను వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మేస్త్రీ వచ్చాక ఆ గీత లోపలి పూతంతా తీయించాలి. కీళ్లు అంగుళం లోతు గీకి, బాగా తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో పూయాలి. పొర అరంగుళం మించితే బీటలిస్తుంది. ఎండ తగలకుండా తడి గోనెలు కప్పి ఉంచాలి. పైన వెల్ల వేస్తే చాలు, ప్లాస్టిక్ పెయింటు వద్దు. అది కూడా సిమెంటు పనే చేస్తుంది.

ఇంకొక్క మాట, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన కప్పు, ఉన్న గదులుంటే నిచ్చెన వేసి, టేకు దూలం గోడలో దూరిన చోట మేకుతో పొడిచి చూడండి. మేకు మెత్తగా దిగిందా, ఆ గదిలో మర్నాడు పాఠం చెప్పకండి.