వడ్డించేవాడు ఎవరు? హైవ్‌లో రాసి సంపాదించడం గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. బ్లాక్‌చైన్ మీద, అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి లెక్కల పుస్తకం మీద, నడిచే సోషల్ నెట్‌వర్కుల గురించి, వాటిలో రాసేవాళ్లకూ వీడియోలు చేసేవాళ్లకూ డబ్బు ఎలా వస్తుందో చెప్పమని నన్ను పిలిచారు. లెన్స్, ఫార్‌కాస్టర్ అని ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటన్నిటి జోలికి పోను. నేను 2017 నుంచి రాస్తున్నది స్టీమిట్‌లో, 2020లో దాన్నుంచి విడిపోయిన హైవ్‌లో, కాబట్టి నాకు తెలిసిన ఆ ఇంటి సంగతే చెబుతాను. ఒక్కదాని లోపల ఏం జరుగుతుందో చూస్తే, రేపు ఇంకెవరైనా కొత్త యాప్ తెచ్చి "ఇందులో రాస్తే డబ్బే డబ్బు" అన్నప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మీలో యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్, వీటి కోసం ఎంత టెన్షన్ పడ్డారో మీకే తెలుసు. ఆ గడప దాటాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతం మీకు, మిగతాది కంపెనీకి. అక్కడ డబ్బు ఎక్కడిదో అందరికీ తెలుసు, సబ్బులు అమ్మేవాడు ప్రకటన ఇచ్చాడు, వాడి జేబులోది. మరి హైవ్‌లో రాసినవాళ్లకు ప్రకటనల డబ్బు రాదు కదా, ఎవరిస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా అకౌంట్ తెరవొద్దని నేను అందరికీ చెబుతాను.

జవాబు ఇదీ. ఆ చైన్ మీద 3 సెకన్లకొక బ్లాక్, అంటే ఆ లెక్కల పుస్తకంలో ఒక కొత్త పేజీ, తయారవుతుంది, దాంతోపాటు కొన్ని కొత్త క్రిప్టో నాణేలు పుడతాయి. అలా పుట్టినవాటిలో 65 శాతం ఒక ఉమ్మడి కుండలోకి వెళ్తాయి, 15 శాతం నాణేలు లాక్ చేసి ఉంచుకున్నవాళ్లకు, 10 శాతం చైన్ నడిపే విట్నెస్‌లకు, ఇంకో 10 శాతం అభివృద్ధి పనుల నిధికి. ఆ ఉమ్మడి కుండలోంచే రాసేవాళ్లకు వడ్డిస్తారు. కొత్త నాణెం పుట్టిందంటే ఉన్న నాణేల విలువ ఆ మేరకు పలచబడిందనే అర్థం, అంటే మీకొచ్చే ప్రతి రూపాయీ ఆ నాణెం దాచుకున్న ప్రతివాళ్ల దగ్గర్నుంచీ కాస్త కాస్త తీసినదే. ఇది మోసం కాదు, అందరికీ కనిపించేలా రాసి ఉన్న నియమమే. కానీ "బ్లాక్‌చైన్ డబ్బిస్తుంది" అనుకోవడానికీ, "నాణెం కొన్నవాళ్లు ఇస్తున్నారు" అని తెలిసి రాయడానికీ చాలా తేడా ఉంది.

ఇక ఆ కుండలోంచి ఎవరికి ఎంత అన్నది ఓట్లు తేలుస్తాయి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఫేస్‌బుక్‌లో లైక్ అంటే ఎవరిదైనా ఒకటే, లెక్కకు ఒకటి. హైవ్‌లో అలా కాదు. మీ ఓటు బరువు మీరు లాక్ చేసిన నాణేలను బట్టి ఉంటుంది, దాన్ని హైవ్ పవర్ అంటారు. పూర్తి బలంతో రోజుకు ఓ పది ఓట్లు వేయొచ్చు, అంతకంటే ఎక్కువ వేస్తే బలం తగ్గిపోతూ వస్తుంది. మీ స్నేహితులు వందమంది వచ్చి ఓటేసినా వాళ్ల దగ్గర నాణేలు లేకపోతే మీ పోస్టు కింద ఒక్క సెంటు కూడా కనపడకపోవచ్చు. నాణేలు బాగా ఉన్న ఒకాయన, అక్కడ వేల్ అంటారు, ఒక్కసారి నొక్కితే పది డాలర్లు కనపడొచ్చు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని మనవాళ్లు ఊరికే అనలేదు.

నా పోస్టే ఒకటి చూపిస్తాను. 2021లో మా ఊరి చెరువు గురించి తెలుగులో రాశాను. తూము ఎలా తీస్తారు, ఏ మడికి ముందు నీళ్లు, ఏ మడికి తర్వాత, అది నీరటి ఎలా నిర్ణయిస్తాడు, ఇవన్నీ మా నీరటిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి మూడు రోజులు రాశాను. దానికి వచ్చింది 6 సెంట్లు. తర్వాత దాన్నే ఇంగ్లీషులో మళ్లీ రాసి ఫోటోలు పెడితే, మంచి పోస్టులు వెతికి ఓటేసే ఒక బృందం కంటపడింది, 22 డాలర్లు కనపడ్డాయి. ఓటింగ్ ఏడు రోజులుంటుంది. ఆరో రోజు పెద్ద పవర్ ఉన్న ఇంకొకాయన వచ్చి డౌన్‌వోట్, అంటే పోస్టుకు వచ్చేదాన్ని తగ్గించే వ్యతిరేక ఓటు, వేశారు, ఒకే విషయానికి రెండు భాషల్లో రెండుసార్లు డబ్బు తీసుకుంటున్నావని ఆయన అభ్యంతరం. 22 కాస్తా 14 అయింది. ఏడో రోజు ఆ 14లో సగం, అంటే 7 డాలర్లు, నాకు ఓటేసినవాళ్లకు వెళ్లాయి, అది వాళ్ల వాటా. నా 7లో మూడున్నర హెచ్‌బీడీ రూపంలో వచ్చింది, ఇది డాలరు విలువకు దగ్గరగా ఉండేలా కట్టిన నాణెం, దీన్ని అమ్ముకోవచ్చు. మిగతా మూడున్నర హైవ్ పవర్‌గా లాక్ అయిపోయింది. ఆ పవర్‌ని బయటికి తీయాలంటే పవర్ డౌన్ పెట్టాలి, వారానికొక వంతు చొప్పున 13 వారాలు పడుతుంది. అంటే స్క్రీన్ మీద 22 చూసి సంబరపడ్డవాడి చేతికి వెంటనే అందింది మూడున్నర. ఎవరైనా స్క్రీన్‌షాట్ పెట్టి ఇంత సంపాదించాను అంటే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

ఆ డౌన్‌వోట్ నాకు చాలా బాధ కలిగించింది, రెండు నెలలు అటు వెళ్లలేదు కూడా. అయినా డౌన్‌వోట్ ఉండాలనే అంటాను, ఎందుకంటే అది లేనట్టే ఉన్న రోజులూ నేను చూశాను. 2018లో స్టీమిట్‌లో ఓట్లు అమ్మే బాట్లు, అంటే వాటంతటవే ఓటేసే ప్రోగ్రాములు, నడిచాయి. బాట్‌కు డబ్బు పంపితే అది మీ పోస్టుకు ఓటేస్తుంది, పోస్టు ట్రెండింగ్‌లోకి ఎక్కుతుంది. ట్రెండింగ్ పేజీ నిండా కొనుక్కున్న పోస్టులే, రెండు లైన్లు రాసినవాడు పైన, రెండు రోజులు కష్టపడ్డవాడు కింద. ఎవరికి డౌన్‌వోట్ వేయాలన్నా మన ఓటు బలమే ఖర్చయ్యేది, అందుకని ఎవరూ వేసేవారు కాదు. 2019 ఆగస్టులో నియమాలు మార్చి డౌన్‌వోట్లకు విడిగా కొంత బలం ఇచ్చారు, అప్పటిదాకా నాలుగో వంతుగా ఉన్న ఓటర్ల వాటాను సగం చేశారు. రాసేవాళ్ల వాటా తగ్గింది కానీ ఓట్ల అమ్మకం మాత్రం బాగా తగ్గిపోయింది. ఉమ్మడి కుండ కాబట్టి ఒకడు అన్యాయంగా తీసుకుంటే అది మిగతా అందరి విస్తట్లోంచి తీసుకున్నట్టే.

ధరల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2018 జనవరి మొదట్లో స్టీమిట్ నాణెం స్టీమ్ ధర 8 డాలర్లు దాటింది. ఆ ఏడాది ఆఖరుకు అర డాలరు కూడా లేదు, నవంబరులో స్టీమిట్ కంపెనీ 70 శాతం మంది ఉద్యోగుల్ని తీసేసింది. అదే పోస్టు, అవే ఓట్లు, విలువ మాత్రం ఎక్కడో ఉన్న మార్కెట్ చేతిలో. ఆ రోజుల్లోనూ వెనిజువెలా నుంచి రాసేవాళ్లు ఆగలేదు, వాళ్ల కరెన్సీ బొలివార్ కుప్పకూలిపోయింది, రెండు మూడు డాలర్లు వచ్చినా ఇంట్లోకి సరుకులొచ్చేవి. అక్కడ స్పానిష్‌లో రాసేవాళ్లు ఒకరినొకరు చదువుకున్నారు, ఓటేసుకున్నారు. కొరియన్లకూ అలాంటి గుంపే ఉండేది, వాళ్ల దగ్గర నాణేలు కూడా ఉండేవి. తెలుగుకు అది లేదు. నా 6 సెంట్లకు కారణం నా రాత కాదు, తెలుగు చదవగలిగి నాణేలు దాచుకున్నవాళ్లు ఆ పంక్తిలో లేకపోవడం. మనవాళ్లు పదిమంది ఊరికే అకౌంట్లు తెరిస్తే ఏం కాదు, వచ్చినదాన్ని అమ్మేయకుండా కొన్నాళ్లు పవర్‌గా ఉంచి ఒకరి రాతలు ఒకరు నిజంగా చదివి ఓటేస్తే అప్పుడు మారుతుంది.

ఇంత చిన్న సంపాదన కోసం ఇంకా అక్కడే ఎందుకున్నావని మా ఇంట్లోవాళ్లు అడుగుతారు. దానికి నా జవాబు 2020 మార్చి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో స్టీమిట్ కంపెనీని దాని యజమాని నెడ్ స్కాట్, ట్రాన్ అనే ఇంకో బ్లాక్‌చైన్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్‌కు అమ్మేశారు. కంపెనీ దగ్గర చైన్ మొదలైన రోజుల్లోనే తనకోసం పుట్టించి పెట్టుకున్న నాణేల గుట్ట ఉంది, దాన్ని ఓటింగ్‌కు వాడబోమని, అభివృద్ధికే ఖర్చు పెడతామని అంతకుముందు చెప్పుకొచ్చారు. కొత్త యజమాని ఆ మాట నిలబెడతాడో లేదోనని విట్నెస్‌లు ఆ గుట్టను తాత్కాలికంగా కదలకుండా ఆపేశారు. విట్నెస్‌లంటే మనం ఓట్లేసి ఎన్నుకున్నవాళ్లు, ముఖ్యమైనవాళ్లు 20 మంది. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పొలోనియెక్స్ అనే మూడు ఎక్స్ఛేంజీలు, అంటే నాణేలు కొని అమ్ముకునే చోట్లు, తమ దగ్గర కస్టమర్లు దాచుకున్న స్టీమ్‌ను పవర్‌గా మార్చి జస్టిన్ సన్ పక్షాన ఓటేశాయి. ఇరవైమందీ పోయారు, వాళ్ల స్థానంలో కొత్త పేర్లు వచ్చాయి. మీరు బ్యాంకులో వేసుకున్న డబ్బుకు ఓటుహక్కు ఉందనుకోండి, మిమ్మల్ని అడక్కుండా బ్యాంకు మీ ఊరి పంచాయతీని మార్చేసింది, ఇదీ అంతే. కంచే చేను మేసింది. గొడవ పెద్దదయ్యాక బైనాన్స్, హువోబీ తమ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి.

మార్చి 20న మావాళ్లు, అంటే పాత విట్నెస్‌లూ స్టీమిట్‌లో రాసేవాళ్లూ, వేరు కాపురం పెట్టారు. సాఫ్ట్‌వేర్ అందరిదీ, రాతలన్నీ చైన్ మీదే ఉన్నాయి, మొత్తం కాపీ చేసుకుని హైవ్ పేరుతో మొదలుపెట్టారు. స్టీమ్‌లో ఎన్ని నాణేలుంటే హైవ్‌లో అన్ని ఇచ్చారు, కంపెనీ గుట్టకూ, కంపెనీ పక్షాన ఓటేసిన కొన్ని అకౌంట్లకూ తప్ప. ఆ రోజు లాగిన్ అయ్యేసరికి నా పేరు, నా మూడేళ్ల పోస్టులు, నన్ను చదివేవాళ్లు, అందరూ కొత్త ఇంట్లో ఉన్నారు. పాత తాళంచెవులే పనిచేశాయి. ఏ యూట్యూబ్ ఛానెల్‌కైనా ఇది సాధ్యమా? సబ్‌స్క్రైబర్లను వెంటబెట్టుకుని ఇంకో చోటికి పోగలమా? నేను అక్కడే ఉండిపోవడానికి ఇదీ కారణం. మేలో స్టీమ్ వైపు 64 అకౌంట్లలోంచి 2 కోట్ల 36 లక్షల నాణేలు లాగేసుకునేలా నియమం మార్చారు, దాన్నీ చూశాం. చైన్ మీద ఉన్నది ఎవరూ ముట్టుకోలేరని చెప్పేవాళ్లను నమ్మకండి. విట్నెస్‌ల మెజారిటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ముట్టుకోగలరు. అందుకే విట్నెస్‌లకు ఓటేయడం మానకండి, దానికి ఖర్చేమీ లేదు.

ఎవరైనా మొదలుపెడితే తాళంచెవుల గురించి ఒక్క మాట. పోస్టింగ్, యాక్టివ్, ఓనర్ అని వేరువేరుగా ఉంటాయి, ఒక్కొక్కటీ 5 అంకెతో మొదలయ్యే 51 అక్షరాల వరస. పోస్టింగ్ తాళంచెవితో రాయడం, ఓటేయడం మాత్రమే అవుతుంది, యాప్‌లలో అది ఒక్కటే ఇవ్వండి. యాక్టివ్‌తో డబ్బు కదులుతుంది. ఓనర్‌ని కాగితం మీద రాసి పట్టా కాగితాలతో పాటు బీరువాలో పెట్టండి. నా స్నేహితుడొకడు అన్నీ ఫోన్‌లోనే ఉంచుకుని ఫోన్ ఫార్మాట్ చేయించాడు, అకౌంట్ ఇప్పటికీ అందరికీ కనపడుతుంది, వాడు మాత్రం లోపలికి పోలేడు. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఫోన్ చేయడానికి అక్కడ ఆఫీసు లేదు.

పన్ను సంగతి కూడా. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మి వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోవడం కుదరదు. ఆ ఏడాది జులై నుంచి అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటున్నారు. ఏ రోజు ఎంత వచ్చింది, ఆ రోజు ధర ఎంత అని ఒక పుస్తకంలో రాసుకోండి, ఆడిటర్ ముందు అడిగేది అదే.

చివరిగా, నా చెరువు పోస్టు ఇవాళ కూడా హైవ్ రాతలు చూపించే సైట్లు పీక్‌డీలో తెరుచుకుంటుంది, ఎకెన్సీలో తెరుచుకుంటుంది, ప్రతి అక్షరం ఉంది. ఫోటోలు మాత్రం లేవు. చైన్ మీద ఉండేది రాత ఒక్కటే, బొమ్మలు వేరే సర్వర్లలో ఉంటాయి, నేను పెట్టిన ఉచిత సైట్ మూతపడింది. తూము మీద కూర్చుని నవ్వుతున్న మా నీరటి ఫోటో అందులోనే ఉండేది. ఆయన పోయి రెండేళ్లయింది. నా పాత ల్యాప్‌టాప్‌లో వెతుకుతున్నాను, దొరికితే అదే పోస్టులో మళ్లీ పెడతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.