వృత్తి గడిలో అమ్మకు ఏమి రాయాలి?

నమస్కారం. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేయించింది, గుర్తుందా? వారాసిగూడలో మా ఇంటికీ వచ్చారు. ఫారం నింపుతున్న టీచరుగారు అమ్మ దగ్గరకు వచ్చేసరికి "వృత్తి?" అని అడిగారు. అమ్మ నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నారు: "ఆవిడకేముందండీ, ఇంట్లోనే ఉంటుంది." అమ్మ ఏమీ అనలేదు. టీచరుగారికి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ వేళ నల్లా వస్తుందని నాలుగున్నరకే లేచిన మనిషి ఆవిడ. డ్రములు నింపి, మెట్లు కడిగి, ఇడ్లీ వేసి, నానమ్మకు ఇన్సులిన్ సూది వేసి, పదకొండు గంటలకు సర్వే ఫారం ముందు "ఏమీ లేని" మనిషిగా నిలబడింది.

ఈ "ఏముందండీ" మీద అర్ధశతాబ్దంగా దేశదేశాల ఆడవాళ్లు పోరాడుతున్నారు. సెల్మా జేమ్స్ అనే ఆవిడ 1930లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. చిన్న వయసులోనే ఫ్యాక్టరీ పనికి వెళ్లారు. 1972లో ఇంగ్లండులో ఉన్నప్పుడు ఒక కోరిక ముందు పెట్టారు: ఇంటి పనికి వేతనం ఇవ్వాలి. వినగానే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. నెలకింత అని మొగుడు జీతం చేతిలో పెడితే ఇల్లాలు పనిమనిషి అయిపోదా అనుకున్నాను. ఇలా అయితే ఆడవాళ్లను వంటింటికే కట్టిపడేసినట్టని ఏంజెలా డేవిస్ వంటి ఉద్యమకారిణులే అభ్యంతరం చెప్పారు.

అయితే నేను ఒక సంగతి పట్టించుకోలేదు. సెల్మా, ఆమె ఉద్యమంలోని ఆడవాళ్లు డబ్బు అడిగింది మొగుణ్ణి కాదు, ప్రభుత్వాన్ని. రేపటి కార్మికుణ్ణి, రేపటి సైనికుణ్ణి కని పెంచి అప్పగిస్తున్నది మేము, ఆ పనిమీదే మీ లెక్కలన్నీ నిలబడ్డాయి, మా వాటా ఏది అని అడిగారు. ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి అంటే దానికీ జవాబు చెప్పారు: ఆయుధాల ఖర్చులోంచి. 2000 మార్చి 8న ఈ ఉద్యమంలోని బృందాలే ప్రపంచ మహిళా సమ్మెకు పిలుపునిచ్చాయి. వాళ్ల నినాదాన్ని తెలుగులో చెప్పుకుంటే "చంపడానికి కాదు, సాకడానికి ఖర్చు పెట్టండి" అవుతుంది. 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు దాదాపు 2.7 లక్షల కోట్ల డాలర్లు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి వేసిన లెక్క ఇది. ఇటువైపు, 64 దేశాల్లో జీతం లేకుండా రోజూ జరిగే ఇంటి పని, సాకే పని 1,640 కోట్ల గంటలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో అంచనా వేసింది. అందులో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లదే.

అమెరికాలో నల్లజాతి మహిళలు ఈ ఉద్యమంలో తమ బృందం పెట్టుకుని ఇంకో మాట అన్నారు. బిడ్డలను పెంచుకునే తల్లికి ప్రభుత్వం ఇచ్చే భత్యం దానం కాదు, చేసిన పనికి రావలసిన బకాయి. మన సిటీ బస్సులో ఉచిత టికెట్టు తీసుకున్న ఆడవాళ్లను చూసి గొణిగేవారు ఉంటారు కదా, వారికి ఈ మాట వినిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఇంతవరకు ధైర్యం చాలలేదు.

మన దేశంలో ఇల్లాలి పనికి వెల కట్టనే లేదా? కట్టారు. ఎక్కడో తెలుసా? రోడ్డు ప్రమాదాల కేసుల్లో. సంపాదన లేని భార్య చనిపోతే, భర్త ఆదాయంలో మూడో వంతు ఆమె ఆదాయమనుకుని పరిహారం లెక్కగట్టమని మోటారు వాహనాల చట్టంలోని పట్టిక చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్లను బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే గాటన కట్టారని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో మన కృష్ణా జిల్లావారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ మరో ప్రమాద కేసులో దీని మీద విడిగా తీర్పు రాశారు. ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని 2011 జనాభా లెక్కల్లో చెప్పినవారు ఆడవాళ్లలో 15.98 కోట్లు, మగవాళ్లలో 57.9 లక్షలు అని అందులో ప్రస్తావించారు. మంచి తీర్పు. కానీ చూడండి, ఆ వెల తేలాలంటే ఆమె చక్రం కింద పడాలి. బతికున్నంత కాలం "ఏముందండీ".

సరే, ఇంటి బయట ఇదే పని చేస్తే? 1975 అక్టోబరు 2న మన దేశంలో అంగన్‌వాడీల పథకం మొదలైంది. పిల్లలకు తిండి పెట్టడం, తూకం వేయడం, బాలింతలను కనిపెట్టుకోవడం, అంతా అమ్మ చేసే పనే. అందుకే కాబోలు, వాళ్లకు ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. కిరాణా కొట్టువాడు గౌరవాన్ని తీసుకుని పప్పు ఇవ్వడు. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మె చేసి అడిగిన వాటిలో కనీస వేతనం ఉంది, గ్రాట్యుటీ ఉంది.

అదే 1975 అక్టోబరులో, 24వ తేదీ శుక్రవారం నాడు, ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లు పనులన్నీ ఆపేశారు, ఇంట్లోనూ బయటా. సమ్మె అంటే కొందరు జంకుతారని దానికి "సెలవు" అని పేరు పెట్టారు. దేశంలోని ఆడవాళ్లలో నూటికి తొంభై మంది పాల్గొన్నారు. మగవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. సులువుగా వండుకోవచ్చని అందరూ ఎగబడటంతో దుకాణాల్లో సాసేజీలు అయిపోయాయి. మరుసటి ఏడాది సమాన హక్కుల చట్టం వచ్చింది.

నిన్న రాత్రి ఈ కథ అమ్మకు చెప్పాను. మినప్పప్పు కడుగుతూ అంతా వింది. సాసేజీల దగ్గర నవ్వింది. చివర్లో ఒక్కటే అడిగింది: "మరి ఆ రోజు అంట్లు మర్నాడు ఎవరు తోమారు?"

నాన్న టీవీ శబ్దం కొంచెం పెంచారు.