ఏ పచ్చ, అన్నా? మెథడ్, రిజల్ట్స్ రాయడం గురించి

అందరికీ నమస్తే. హనుమకొండలో ఇంత ఎండకి, అన్నం తిన్నాక వచ్చి కూర్చున్నారంటే సైకాలజీ ప్రాక్టికల్ రికార్డు సబ్మిషన్ దగ్గర పడిందని అర్థమైంది. అందుకే నేరుగా విషయానికి వస్తాను. ఇవాళ ఆ రికార్డులో మెథడ్, అంటే ప్రయోగం ఎలా చేశారో రాసే భాగం, రిజల్ట్స్, అంటే ఏం తేలిందో రాసే భాగం, ఈ రెండిటి గురించే మాట్లాడతాను, ఎందుకలా తేలిందో చర్చించే డిస్కషన్ జోలికి పోను.

నేను చదువుకునే రోజుల్లో స్ట్రూప్ ప్రయోగం తెలుగులో చేశాను. మీకు తెలిసిందే, "ఎరుపు" అనే మాట నీలం ఇంకులో ఉంటుంది, మాట చదవకుండా ఇంకు రంగు చెప్పాలి, ఎంత టైము పట్టిందో మనం కొలుస్తాం. నా షీట్‌లో ఎరుపు, నీలం, పచ్చ, నలుపు ఉన్నాయి. మూడో రోజు ఒక జూనియర్ అమ్మాయి షీట్ చేతిలోకి తీసుకుని, "పచ్చ అంటే ఏ పచ్చ, అన్నా?" అని అడిగింది. మన దిక్కు పసుపు రంగు చీరనీ పచ్చచీరే అంటాం, ఆకునీ పచ్చగా ఉందనే అంటాం గదా. "ఆకుపచ్చ అనుకో" అన్నాను. అంతకు ముందు రెండు రోజులు వచ్చినవాళ్లకి ఏం చెప్పానో, అసలు చెప్పానో లేదో ఎక్కడా రాసుకోలేదు. కొందరు "పచ్చ" అన్నారు, కొందరు "ఆకుపచ్చ" అన్నారు, ఒకరిద్దరు "గ్రీన్" అనేశారు. "ఆకుపచ్చ" అనడానికి "పచ్చ" కంటే ఎక్కువసేపు పడుతుంది, మనం కొలిచేదేమో ఆ టైమునే. రికార్డులో మాత్రం "పార్టిసిపెంట్లకు తగిన సూచనలు ఇచ్చాం" అని ఒక్క ముక్క రాశాను. మార్కులు బాగానే వేశారు. రెండేళ్ల తర్వాత ఆ డేటా మళ్లీ వాడదామని తీస్తే, ఎవరు ఏ మాట పలికారో తెలిసే దారి లేదు. మొత్తం పక్కన పెట్టేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈ ప్రయోగానికి పేరు వచ్చిన అమెరికన్ సైకాలజిస్టు స్ట్రూప్ 1935లో ఏం రాశాడో చూడండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ, ఊదా, మొత్తం ఐదు రంగులు. పది వరసలు, వరసకి పది మాటలు. ఏ మాటా దాని సొంత రంగులో అచ్చు వేయలేదు, మిగతా నాలుగు రంగుల్లో సమానంగా పంచాడు. తప్పు చెబితే దిద్దుకుని ముందుకు పొమ్మన్నాడు. ఉత్త రంగు గళ్లకి రంగుల పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పడితే, మాటల ఇంకు రంగు చెప్పడానికి 110.3 సెకన్లు పట్టింది. తొంభై ఏళ్ల కింద అమెరికాలో చేసిన పనిని ఇవాళ మనం ఇక్కడ కూర్చుని మళ్లీ చేయగలుగుతున్నామంటే, ఆయన అంత వివరంగా రాసిపెట్టాడు కాబట్టే.

కాబట్టి మెథడ్ రాసేటప్పుడు మీ లెక్చరర్‌ని కాదు, మిమ్మల్ని ఎన్నడూ చూడని ఒక మనిషిని ఊహించుకోండి. ఆదిలాబాద్‌లో ఎవరో మీ కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుని ఈ ప్రయోగం చేయాలి, మీకు ఫోన్ చేసే వీలు లేదు. అప్పుడు "పార్టిసిపెంట్లు 20 మంది" అంటే సరిపోదు. వయసులు ఎంత, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఎలా పిలిచారు, హాస్టల్ రూమ్మేట్లేనా, చదువు తెలుగు మీడియమా ఇంగ్లిష్ మీడియమా, రంగులు సరిగ్గా కనిపిస్తాయో లేదో చూశారా, ఒప్పుకున్నాకే మొదలుపెట్టారా, ఇవన్నీ రావాలి. పేర్లు మాత్రం రాయొద్దు. సామాన్లలో "పెన్ను, పేపరు" అని రాయాల్సిన పని లేదు, అక్షరం సైజు, షీట్‌లో ఎన్ని మాటలు, టైము దేనితో కొలిచారు అన్నవి కావాలి. మీరు నోటితో చెప్పిన సూచనని ఉన్నది ఉన్నట్టు, అదే తెలుగులో, కోట్స్‌లో పెట్టండి. ఉత్త రంగు గళ్ల షీట్, మాటల షీట్, ఈ రెండిట్లో ఎవరికి ఏది ముందు ఇచ్చారో కూడా రాయండి, ఎందుకంటే అందరికీ కష్టమైన షీటే రెండోసారి ఇస్తే టైములో తేడా షీటు వల్ల వచ్చిందా, అప్పటికి అలవాటు పడడం వల్లో అలసిపోవడం వల్లో వచ్చిందా అన్నది విడదీయలేం. సగం మందికి ఒకటి ముందు, సగం మందికి రెండోది ముందు ఇవ్వడం అందుకే.

ఇంకొకటి, ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. "గది ప్రశాంతంగా ఉంది, వెలుతురు బాగుంది" అనే వాక్యం సీనియర్ల రికార్డు నుంచి మీ రికార్డులోకి, మీ నుంచి జూనియర్ల రికార్డులోకి పోతూనే ఉంటుంది. కాజీపేట స్టేషన్ పక్కన రూములో చేసినవాళ్లూ అదే రాస్తారు! మధ్యలో రైలు కూసిందా, కరెంటు పోయి వరండాలోకి మారారా, జరిగింది రాయండి. దానికి ఎవరూ మార్కులు కోయరు, కోస్తే నేను వచ్చి మాట్లాడతాను.

ఇక రిజల్ట్స్. ఇక్కడ ఏం తేలిందో చెప్పాలి, ఎందుకు తేలిందో కాదు. అర్థం కావడానికి ఊరికే ఐదు అంకెలు అనుకుందాం: 21, 23, 22, 24, 60 సెకన్లు. సగటు 30. కానీ ఆ ఐదుగురిలో ఒక్కరికీ 30 దరిదాపుల్లో పట్టలేదు, నలుగురు 24 లోపే ముగించారు. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 16.8 వస్తుంది, అది చూడగానే ఎక్కడో ఏదో ఉందని అనుమానం రావాలి, అందుకే సగటు పక్కన అది లేకుండా టేబుల్ వేయొద్దు. ఆ 60 ఎవరిదో చూస్తే మధ్యలో ఫోన్ మోగిన మనిషిది. తీసేస్తే సగటు 22.5. తీయాలా వద్దా అన్నది వేరే చర్చ, కానీ తీస్తే ఎందుకు తీశారో, ఎంతమందిని తీశారో రాసి తీరాలి, చప్పుడు చేయకుండా తీసేయడం మోసం. అందుకే ఫలానా కారణం ఉంటే తీసేస్తామని ప్రయోగం మొదలుపెట్టక ముందే అనుకుని పెట్టుకోవడం మంచిది.

కంప్యూటర్ పీ విలువ 0.000 అని చూపిస్తే అలాగే దింపొద్దు, అది సున్నా కాదు, 0.001 కంటే తక్కువ అని రాయండి. అసలు తేడాయే లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ రావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పేదే పీ విలువ. దాన్ని పట్టుకుని "మా పరికల్పన", అంటే ముందుగా వేసుకున్న ఊహ, "నిరూపితమైంది" అనేస్తారు చాలామంది. నిరూపితం అనే మాటే వద్దు. తేడా ఎంత పెద్దదో చెప్పే ఎఫెక్ట్ సైజు కూడా పక్కనే ఇవ్వండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి, అది మీ ఫెయిల్యూర్ కాదు. టేబుల్‌లో ఉన్నదాన్నే మళ్లీ పేరాలో అంకె అంకె చదివి వినిపించొద్దు.

ఇప్పుడు ఒక పని చేద్దాం. మీ మెథడ్ పేజీ పక్క బ్యాచ్ వాళ్లకి ఇవ్వండి, వాళ్లది మీరు తీసుకోండి. నోరు తెరిచి ఏమీ చెప్పొద్దు, చదివి చేయమనండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం వంక చూస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. అరగంట టైము ఇస్తున్నాను.